పాత వెట్‌ల్యాండ్ ఉత్తరం ఇప్పుడు చెల్లుతుందా? ఫెడరల్ జలాల నిర్వచనం మారుతూ వచ్చిన తీరు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నార్త్ కరోలినాలోని జాన్‌స్టన్ కౌంటీలో ఇల్లు కట్టుకోవడానికి సుమారు మూడెకరాల లాట్‌కు ఒప్పందం రాసుకున్నారు, డ్యూ డిలిజెన్స్ గడువు (కొనేవారు లాట్‌ను పరిశీలించుకుని, వద్దనుకుంటే వెనక్కి తగ్గగల కాలం) ఇంకా నడుస్తోంది. లాట్ వెనుక సగం పల్లంగా, ఏడాదిలో చాలా కాలం తేమగా ఉంటుంది. ఆ భాగం ఫెడరల్ పరిధిలోని చిత్తడి నేల (వెట్‌ల్యాండ్) అని చెప్పే 2014 నాటి ఆర్మీ కార్ప్స్ (ఇలాంటి నేలలు పూడ్చడానికి అనుమతులిచ్చే సైన్యపు ఇంజినీరింగ్ విభాగం) ఉత్తరాన్ని అమ్మకందారు మీకు ఇచ్చారు. 2023 సుప్రీంకోర్టు తీర్పు తరువాత ఆ ఉత్తరానికి విలువ లేదని, మట్టి పోసి చదును చేసుకోవచ్చని ఏజెంటు అంటున్నారు. చట్టం మారకుండా జవాబు ఎలా మారింది, ఎవరి మాట నమ్మాలి అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, ఇద్దరి మాటా నమ్మకండి. కార్ప్స్ పరిధి నిర్ధారణ ఉత్తరాలు సాధారణంగా ఐదేళ్లే చెల్లుతాయి కనుక 2014 నాటి కాగితం ఎప్పుడో కాలం చెల్లింది. అయితే ఉత్తరం గడువు తీరినంత మాత్రాన ఆ నేల పరిధి నుంచి బయటపడినట్టు కాదు. 2014లో పరిధిలో ఉన్న నేల ఇప్పుడు పరిధిలో లేకపోవడం నిజంగానే సాధ్యం, మీ ప్రాంతంలో ఆ అవకాశం తక్కువేమీ కాదు కూడా. అది తేలవలసింది మాత్రం ఇప్పుడు అమలులో ఉన్న నిర్వచనం ప్రకారం, కొత్త సర్వేతో, కార్ప్స్ రాతపూర్వకంగా ఇచ్చే కొత్త నిర్ధారణతో. అది చేతికి వచ్చేదాకా ఆ పల్లంలో తట్టెడు మట్టి కూడా పోయకండి. నేను పర్యావరణ ఇంజినీరును, తూర్పు తీర రాష్ట్రాలలో చిత్తడి నేలల హద్దులు గుర్తించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. న్యాయవాదిని కాను కాబట్టి దీనిని న్యాయ సలహాగా తీసుకోవద్దు.

ఇక కారణాలు. 1972 అక్టోబరు 18న అధ్యక్షుడు నిక్సన్ వీటోను కాదని కాంగ్రెస్ క్లీన్ వాటర్ చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టం ‘నౌకాయానానికి అనువైన జలాల’లోకి అనుమతి లేకుండా కాలుష్యాన్ని వదలడాన్ని నిషేధించింది. మట్టి, రాయి, ఇసుక పోసి పూడ్చడం కూడా ఈ చట్టం దృష్టిలో కాలుష్యాన్ని వదలడమే. దానికి 404వ సెక్షన్ కింద కార్ప్స్ అనుమతి కావాలి. ఇంతకీ నౌకాయానానికి అనువైన జలాలంటే ఏమిటని చట్టంలోనే వెతికితే ‘ప్రాదేశిక సముద్రాలతో సహా అమెరికా సంయుక్త రాష్ట్రాల జలాలు’ అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ దొరకదు. ఈ వాక్యంలో యాభై ఏళ్లకు పైగా ఒక్క అక్షరం మారలేదు. మారినదంతా దాని కింద కార్ప్స్, ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ పరిరక్షణ సంస్థ) అనే రెండు ఏజెన్సీలు రాసుకున్న నియమాలు, ఆ నియమాలపై కోర్టులు ఇచ్చిన తీర్పులు, ఆ తీర్పులను క్షేత్రంలో ఎలా వర్తింపజేయాలో చెప్పే మెమోలు. చాలామంది మొదటి రెండింటినే చూసి మూడోదానిని వదిలేస్తారు. నా అనుభవంలో లాట్ స్థాయిలో ఫలితాన్ని ఎక్కువగా తేల్చేది ఆ మెమోలే.

అంతకు ముందు లెక్క సులువుగా ఉండేది. 1871 నాటి డేనియల్ బాల్ తీర్పు ప్రకారం వాణిజ్యానికి పడవలు నిజంగా తిరగగలిగిన నీరే ఫెడరల్ నీరు. 1899 నాటి నదులు, రేవుల చట్టం కూడా ఆ దారిలోనే నడిచింది. 1972 చట్టం వచ్చాక కూడా కార్ప్స్ 1974లో ఇంచుమించు ఆ పాత హద్దుతోనే నియమాలు రాసింది. పర్యావరణ సంస్థలు కోర్టుకు వెళ్లగా, కాంగ్రెస్ ఉద్దేశం అంతకంటే విశాలమైనదని 1975లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు తేల్చింది. 1977 నాటికి ఉపనదులు, వాటి పక్కనున్న చిత్తడి నేలలు నియమాలలోకి వచ్చాయి. అప్పటి నుంచి జరిగినదంతా ఈ విస్తరణ ఎక్కడ ఆగాలన్న తగాదాయే.

ఆ తగాదాలో మొదటి పెద్ద తీర్పు 1985 నాటి రివర్‌సైడ్ బేవ్యూ కేసు. మిషిగన్‌లో సెయింట్ క్లెయిర్ సరస్సు దగ్గరి బురద నేలలో ఇళ్లు కట్టడానికి మట్టి పోస్తుంటే కార్ప్స్ ఆపింది. నీరు ఎక్కడ ముగిసి నేల ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టం కనుక, నీటిని ఆనుకున్న చిత్తడి నేలలను పరిధిలో చేర్చడం సబబేనని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. 2001లో గాలి తిరిగింది. షికాగో శివారు పట్టణాలు కలిసి చెత్త వేయడానికి ఎంచుకున్న ఒక పాత ఇసుక, కంకర గని గుంటలలో వలస పక్షులు వాలుతున్నాయన్న కారణంతో కార్ప్స్ పరిధి కోరగా, నదులతో ఏ సంబంధమూ లేని ఏకాంత గుంటలకు అంత చాచడం కుదరదని సుప్రీంకోర్టు 5-4 తేడాతో కొట్టివేసింది. దీని నీడ మీ రాష్ట్రం మీద కూడా పడింది. ఫెడరల్ రక్షణ కోల్పోయిన ఏకాంత చిత్తడి నేలలను కాపాడేందుకు నార్త్ కరోలినా అదే ఏడాది సొంత నియమాలు తెచ్చుకుంది. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో తరువాత పని పడుతుంది.

మీ చేతిలోని 2014 ఉత్తరం అర్థం కావాలంటే 2006 నాటి రాపనోస్ తీర్పు దగ్గర కాస్త ఆగాలి. అక్కడ పూడ్చిన చిత్తడి నేలలు పడవలు తిరిగే నీటికి 11 నుంచి 20 మైళ్ల దూరంలో, కాలువల ద్వారా కలిసి ఉన్నాయి. న్యాయమూర్తులు 4-1-4గా చీలిపోయారు. దాదాపు శాశ్వతంగా నీరుండే వాగులు, వాటితో ఉపరితలంలో ఎడతెగకుండా కలిసిన చిత్తడి నేలలు మాత్రమే పరిధిలోకి వస్తాయని జస్టిస్ స్కాలియాతో కలిపి నలుగురు అన్నారు. ఒంటరిగా రాసిన జస్టిస్ కెనెడీ మాత్రం దిగువనున్న నది రసాయన, భౌతిక, జీవ స్థితిపై ఆ నేలకు ‘గణనీయ సంబంధం’ ఉంటే చాలన్నారు. మెజారిటీ అభిప్రాయం లేకపోవడంతో రెండు పరీక్షలలో దేనికి తూగినా పరిధిలోనిదే అన్నట్టు ఏజెన్సీలు 2008లో మార్గదర్శకం ఇచ్చాయి. ఆచరణలో దాని అర్థం ఏమిటంటే, ఒక లాట్‌లోని పల్లం ఒక్కటే కాదు, ఆ వాగు పరీవాహకంలో దానిలాంటి నేలలన్నీ కలిసి వరదనీటిని ఎంత పట్టి ఉంచుతున్నాయి, నైట్రోజన్‌ను ఎంత వడకడుతున్నాయి అని మేము పేజీలకు పేజీలు రాసేవాళ్లం. మీ ఉత్తరం ఈ కాలానిది. అందులో ‘గణనీయ సంబంధం’ ఆధారంగా పరిధిలోకి తెచ్చినట్టు రాసి ఉంటే ఆ ఆధారం ఇప్పుడు చట్టంలో లేదు. వెనుక పారే వాగును నేరుగా తాకి ఉందని రాసి ఉంటే మాత్రం ఆ నేల ఇప్పటికీ పరిధిలోనే ఉండే అవకాశం ఎక్కువ. అందుకే పాత ఉత్తరం చెల్లకపోయినా పారేయకండి, దానికి జోడించిన ఫారం చదవండి. అప్పటి అధికారి అక్కడ ఏమి చూశారో అందులో ఉంటుంది.

2015 నుంచి 2023 వరకు జరిగినది త్వరగా చెప్తాను, ఎందుకంటే మీ లాట్ విషయంలో అందులో చాలా భాగం ఇప్పుడు చరిత్రే. 2015లో వచ్చిన విశాలమైన నియమాన్ని ఆ అక్టోబరులోనే అప్పీలు కోర్టు దేశవ్యాప్తంగా నిలిపివేసింది. అలాంటి కేసులు జిల్లా కోర్టులకే వెళ్లాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పడంతో కొన్ని రాష్ట్రాలలో కొత్త నియమం, మరికొన్నింటిలో పాతది నడిచాయి. 2019లో ఆ 2015 నియమాన్ని రద్దు చేశారు. 2020 జూన్ 22 నుంచి ఇరుకైన మరో నియమం అమలులోకి వచ్చింది. 2021 ఆగస్టు 30న అరిజోనా ఫెడరల్ కోర్టు దానిని కొట్టివేసింది. 2023 మార్చి 20 నుంచి ఇంకొక నియమం వచ్చింది, అదీ సగం దేశంలో కోర్టు స్టేలతో ఆగింది. వాన తగ్గిందా అని గుమ్మంలోకి వచ్చి చూసే మనిషిలా మేము రోజూ ఫెడరల్ రిజిస్టర్ (కొత్త నియమాలు వెలువడే ప్రభుత్వ గెజిట్) చూసుకున్న కాలం అది.

ఆ కాలం నాటి ఒక ఉదాహరణ మీకు పనికి వస్తుంది. 2020 నియమం కింద, పరిధిలో లేదని ఒక క్లయింటుకు నిర్ధారణ వచ్చింది. ఐదేళ్ల గడువు ఉంది కదా అని ఆయన నిదానంగా ఉన్నారు. ఇంతలో ఆ నియమాన్ని కోర్టు కొట్టివేసింది. ఆ నియమం కింద ఇచ్చిన నిర్ధారణలను కొత్త పర్మిట్ నిర్ణయాలకు ఆధారంగా తీసుకోబోమని 2022 జనవరిలో కార్ప్స్ ప్రకటించింది. విడిగా ఇచ్చిన నిర్ధారణ గడువు తీరేదాకా చెల్లుతుందన్నారు కానీ, పక్కనే ఉన్న వాగు దాటడానికి ఆయనకు ఎలాగూ ఒక పర్మిట్ కావాలి. దానితో మొత్తం స్థలాన్ని మళ్లీ పరిశీలించవలసి వచ్చింది. ఆయన ప్రాజెక్టులో ఆ వాగు దాటే రోడ్డు లేకపోయి ఉంటే ఇబ్బంది వచ్చేదే కాదు. కనుక నిర్ధారణ చెల్లుబాటును చూసేటప్పుడు మీరు కట్టబోయే పనికి వేరే ఏ పర్మిట్ అవసరమో కూడా కలిపి చూడాలి.

ఇప్పుడు మీ ఏజెంటు చెప్పిన తీర్పు. శాకెట్ దంపతులు 2004లో ఐడహోలో ప్రీస్ట్ సరస్సు దగ్గర చిన్న లాట్ కొని, 2007లో ఇంటి కోసం మట్టి, కంకర పోయగా ఈపీఏ ఆపింది. రోజుకు నలభై వేల డాలర్లకు పైగా జరిమానా పడుతుందని హెచ్చరించింది. ఆ ఉత్తర్వును కోర్టులో సవాలు చేసే హక్కు వారికి ఉందా అన్న ఒక్క ప్రశ్న తేలడానికే 2012 దాకా పట్టింది. అసలు ప్రశ్న 2023 మే 25న తేలింది. వారి లాట్ పరిధిలో లేదని తొమ్మిది మందీ అన్నారు. కొలబద్ద ఏదన్న దగ్గర మాత్రం 5-4గా చీలారు. జస్టిస్ అలిటో రాసిన మెజారిటీ అభిప్రాయం ‘గణనీయ సంబంధం’ పరీక్షను పక్కన పెట్టింది. నది, సరస్సు, దాదాపు శాశ్వతంగా నీరుండే వాగు వంటి వాటితో ఎడతెగని ఉపరితల సంబంధం ఉండి, నీరు ఎక్కడ ఆగి చిత్తడి ఎక్కడ మొదలవుతుందో వేరు చేయలేనంతగా కలిసిన నేలలు మాత్రమే పరిధిలోకి వస్తాయని చెప్పింది. తీర్పు ఫలితంతో ఏకీభవించిన జస్టిస్ కావనా ఈ కొలబద్దతో విభేదించారు. కరకట్ట అవతల ఉన్నంత మాత్రాన మిసిసిపీ నది పక్కనున్న చిత్తడి నేలలు రక్షణ కోల్పోవలసి వస్తుందని ఆయన అభ్యంతరం. నా మట్టుకు ఆయన చెప్పిన ఇబ్బంది క్షేత్రంలో రోజూ కనిపిస్తుంది. అయితే నా అభిప్రాయంతో మీ లాట్ తేలదు, మెజారిటీ కొలబద్దతోనే తేలుతుంది.

ఏజెన్సీలు 2023 సెప్టెంబరు 8న తమ నియమాన్ని ఆ తీర్పుకు అనుగుణంగా సవరించాయి. సవరించిన ఆ నియమం నార్త్ కరోలినాలో అమలవుతుంది. మీ చుట్టూ ఉన్న వర్జీనియా, టెనెసీ, జార్జియా, సౌత్ కరోలినా నాలుగూ కోర్టు స్టే వల్ల 2015కు ముందటి నియమాలనే శాకెట్ తీర్పుతో కలిపి చదువుకుంటున్నాయి. అందుచేత సౌత్ కరోలినాలో బంధువుల లాట్‌కు ఇలా చేశారని ఎవరైనా చెబితే, అది మీకు నేరుగా అన్వయించకపోవచ్చు. మన తెలుగు వాట్సాప్ గ్రూపులలో ఇలాంటి సలహాలు రాష్ట్రం పేరు లేకుండానే తిరుగుతుంటాయి.

ఇక మెమోల సంగతి. చిత్తడి నేలకూ వాగుకూ మధ్య రోడ్డు, దాని కింద తూము ఉందనుకోండి. ‘ఎడతెగని సంబంధం’ తెగినట్టా, లేనట్టా? శాకెట్ తీర్పు తరువాత మొదట్లో తూము, గొట్టం, కాలువ వంటివి ఆ సంబంధాన్ని నిలబెట్టగలవన్న ధోరణి ఉండేది. 2025 మార్చి 12న ఏజెన్సీలు ఇచ్చిన మెమో దానిని వెనక్కి తీసుకుని, చిత్తడి నేల పరిధిలోని నీటిని నేరుగా తాకి ఉండాలన్నది. గమనించండి, నియమం పాఠంలో ఒక్క మాట మారలేదు. రోడ్డుకు అవతల పక్క పడిన ఒక క్లయింటు స్థలం ఆ మెమోకు ముందు ఒక రకంగా, తరువాత ఇంకొక రకంగా తేలడం నేను చూశాను.

2025 నవంబరులో ఏజెన్సీలు ఇంకా ఇరుకైన నిర్వచనాన్ని ప్రతిపాదించాయి. వాగులో ఏడాది పొడవునా, లేదా కనీసం తడి కాలమంతా ఉపరితల నీరు ఉండాలని, దానిని తాకే చిత్తడి నేలలో కూడా కనీసం తడి కాలంలో నేల పైన నీరు నిలవాలని అందులో ఉంది. తూర్పు నార్త్ కరోలినాలో చాలా చిత్తడి నేలలలో నీరు నేలకు కొద్ది అంగుళాల కింద ఉంటుందే తప్ప పైకి తేలదు. అటువంటి ప్రాంతానికి ఇది చిన్న మార్పు కాదు. ప్రతిపాదన మాత్రం ప్రతిపాదనే. మీరు దరఖాస్తు చేసే రోజున ఏ పాఠం, ఏ తేదీ నుంచి అమలులో ఉందో విల్మింగ్టన్‌లోని కార్ప్స్ జిల్లా కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. రాబోయే నియమాన్ని నమ్ముకుని ఇవాళ మట్టి పోస్తే, పోసిన రోజు అమలులో ఉన్న నియమంతోనే లెక్క చూస్తారు. జరిమానా గరిష్ఠ పరిమితి ఇప్పుడు ఒక్కొక్క ఉల్లంఘనకు రోజుకు అరవై వేల డాలర్లు దాటింది. చిన్న లాట్ యజమానికి అంత వేయడం అరుదు. పోసిన మట్టిని తోడి పాత స్థితికి తెమ్మనడం మాత్రం అరుదు కాదు.

ఫెడరల్ పరిధి లేదని తేలినా పని అయిపోయిందనుకోవద్దు. ఫెడరల్ హద్దు వెనక్కి జరిగినప్పుడు రాష్ట్ర చట్టం ముందుకొస్తుందా, రాదా అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. న్యూజెర్సీకి 1987 నుంచి సొంత చిత్తడి నేలల చట్టం ఉంది కాబట్టి శాకెట్ తీర్పుతో అక్కడి లాట్‌లకు పెద్దగా ఒరిగినది లేదు. కొలరాడో 2024లో కొత్త చట్టం చేసుకుంది. నార్త్ కరోలినా దీనికి ఎదురు దిశలో వెళ్లింది. 2023 జూన్‌లో గవర్నర్ వీటోను కాదని శాసనసభ చేసిన చట్టం, రాష్ట్రం కాపాడే చిత్తడి నేలలను ఫెడరల్ నిర్వచనంలోకి వచ్చేవాటికే పరిమితం చేసింది. పైన గుర్తుంచుకోమన్నది ఇందుకే: 2001లో ఏకాంత చిత్తడి నేలలకు రాష్ట్రం ఇచ్చిన రక్షణ దీనితో చాలావరకు పోయింది. మీ ఏజెంటు ధీమాకు ఇదే ఆధారమై ఉంటుంది, అంతవరకు ఆయన తప్పు చెప్పలేదు.

కానీ జాన్‌స్టన్ కౌంటీలో అత్యధిక భాగం న్యూస్ నది పరీవాహకంలో ఉంది. అక్కడ వాగుకు ఇరువైపులా 50 అడుగుల బఫర్ (కదిలించకుండా వదలవలసిన పట్టీ) నియమం వేరుగా ఉంది. వాగు గట్టు పైఅంచు నుంచి మొదటి 30 అడుగులలో దాదాపు ఏమీ చేయనివ్వరు, తరువాతి 20 అడుగులలో కొన్ని పనులకు అవకాశం ఉంది. చిత్తడి నేల నిర్వచనం ఎటు మారినా ఈ బఫర్ దానితో మారదు. మీ లాట్ వెనుక వాగు ఉంటే ముందు చూడవలసినది ఇదే. దానితో పాటు సెప్టిక్ ట్యాంకు. అక్కడ మురుగు పైపులైను లేకపోతే కౌంటీ ఆరోగ్య విభాగం మట్టి పరీక్ష చేస్తుంది. చిత్తడి లక్షణాలున్న మట్టి ఆ పరీక్షలో నెగ్గడం కష్టం. ఫెడరల్ పరిధి నుంచి బయటపడి, సెప్టిక్ అనుమతి రాక ఇల్లు కట్టలేకపోయిన వారిని చూశాను.

మీరు చేయవలసిన పనుల వరుస నా ఉద్దేశంలో ఇది. ముందుగా 2014 ఉత్తరం ఏ రకానిదో చూడండి. ‘ఆమోదిత’ నిర్ధారణ అయితే అధికారి పరిధి ఉందని నిజంగా తేల్చినట్టు. ‘ప్రాథమిక’ నిర్ధారణ అయితే, పర్మిట్ త్వరగా రావడానికి అంతా పరిధిలోనిదే అనుకుని ముందుకు సాగినట్టే, అసలు ప్రశ్న ఎవరూ తేల్చలేదు. చాలామంది అమ్మకందారులకే ఈ తేడా తెలియదు. తరువాత ఒక వెట్‌ల్యాండ్ కన్సల్టెంటును పెట్టుకుని 1987 కార్ప్స్ మాన్యువల్, మీ ప్రాంతానికి వర్తించే అనుబంధం ప్రకారం కొత్తగా హద్దులు గుర్తించమనండి. మొక్కలు, మట్టి, నీరు మూడింటి సూచనలూ చూస్తారు. తూర్పు నార్త్ కరోలినాలో తరచు కనిపించే రెయిన్స్ రకం మట్టి తగిలితే చిత్తడి లక్షణం బలంగా ఉన్నట్టే. ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వారి ఆన్‌లైన్ వెట్‌ల్యాండ్ పటం చూసుకోండి కానీ, అది పరిధిని తేల్చే పటం కాదు. అందులో రంగు లేదని సంబరపడవద్దు, ఉందని బెంగపడవద్దు.

ఆ సర్వేతో కార్ప్స్‌కు ఆమోదిత నిర్ధారణ కోసం దరఖాస్తు చేయండి. దానికి కార్ప్స్ రుసుము తీసుకోదు కానీ నెలలు పట్టవచ్చు. పరిధిలో లేదని వస్తే ఐదేళ్లపాటు కార్ప్స్, ఈపీఏ చర్యల నుంచి మీకు మంచి రక్షణ. ఉందని వస్తే దానిపై కోర్టుకు వెళ్లే హక్కు 2016 నాటి హాక్స్ తీర్పుతో ఖాయమైంది. పరిధిలో ఉన్నా ఇల్లు అసాధ్యమేమీ కాదు. ఇళ్లకు ఉద్దేశించిన 29వ నంబరు నేషన్‌వైడ్ పర్మిట్ (దేశమంతటికీ కలిపి ముందే ఇచ్చి ఉంచిన సాధారణ అనుమతి) కింద అర ఎకరం వరకు పూడ్చడానికి షరతులతో వీలుంది. చాలా లాట్‌లలో ఇంటిని, డ్రైవ్‌వేను కొంచెం జరిపితే ఆ అవసరం కూడా రాదు.

ఈలోగా లాట్ శుభ్రం చేయిస్తామని ఎవరైనా అంటే జాగ్రత్త. చెట్లను నేలకు పైన నరికి, వేర్లు కదలకుండా వదిలేయడం సాధారణంగా 404 కిందకు రాదు. బుల్‌డోజరుతో మొద్దులు పెకలించి మట్టి నెట్టడం వస్తుంది.

మీ గడువులోపల కార్ప్స్ జవాబు రాదు కనుక, డ్యూ డిలిజెన్స్ గడువు పొడిగింపు ఇప్పుడే అడగండి. అమ్మకందారు ఒప్పుకోకపోతే, వెనుక సగం ఎప్పటికీ వాడుకోలేమన్న లెక్కతో ధర మాట్లాడండి. 2014 ఉత్తరం ఏ రకానిదో, లాట్ వెనుక వాగులో వేసవిలో నీరు ఉంటుందో లేదో, ఆ పల్లానికీ వాగుకూ మధ్య రోడ్డు గానీ తూము గానీ ఉందో లేదో తెలియజేస్తే ఇంకొంచెం నిర్దిష్టంగా చెప్పగలను.